పాత కారుకు క్రొత్త కమానులు

ఉర్దూ, తెలుగు భాషలు రెండూ ఒకే ప్రాంగణంలో వింటూ పనిచేసే మావంటి వారికి కొన్ని మాటల ప్రయాణం ముచ్చట గొలుపుతుంది. ‘కమాన్’ అట్టి మాట. పారసీకంలోనూ ఉర్దూలోనూ అది విల్లు. తెలుగునాట లారీల షెడ్డుకు పోయి కమాన్ అంటే మాత్రం ఎవ్వరూ విల్లును తలచుకోరు. ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల కట్టను చూపిస్తారు. బరువుకు వంగడం, బరువు తొలగగానే తిరిగి యథాస్థితికి రావడం అనే గుణం రెండింటికీ సమానం గనుక ఆ పేరు అతికినట్లు కుదిరింది. మా తాతగారు జట్కా తోలేవారు. ‘‘గుర్రం అలిసిపోతే దాని మొహం చూసి చెప్పవచ్చురా. కమాను అలిసిపోతే చెప్పదు. మనమే వంగి చూసుకోవాలి’’ అని వారు తరచుగా అనేవారని మా నాన్నగారు చెబుతుండేవారు.

ఆ మాట మాకు గత సంవత్సరం ఒక విచిత్రమైన సందర్భంలో గుర్తుకు వచ్చింది. మా వద్ద తెలుగు చదువుకొని, పిమ్మట ఇంజనీరింగు ముగించి, పై చదువులకు అమెరికా వెళ్ళిన ఒక పూర్వ విద్యార్థి అప్పుడప్పుడు ఫోను చేస్తుంటాడు. అక్కడ చాలా ఊళ్ళలో సొంత వాహనం లేనిదే పాలప్యాకెట్టు కూడా ఇంటికి రాదు. అతడు తాను కూడబెట్టుకున్న కొద్దిపాటి సొమ్ముతో 1996 నాటి మాజ్దా మియాటా అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. కారు వయస్సు, దానిని కొన్నవాని వయస్సు కన్న ఎక్కువ. దానికి క్రొత్త సస్పెన్షన్ వేయించే ప్రయత్నంలో అతనికి ఎదురైన కష్టమూ, అందులో మా పాలూ, దానినుండి మేము నేర్చుకున్నదీ ఈ వ్యాసానికి ప్రేరణ. మేము సాహిత్య విద్యార్థులమే గాని యంత్ర నిపుణులము కాము. అయినను అడిగి, చదివి, మనస్సుకు పట్టించుకున్న పిమ్మటనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందు ఆ కారును గురించి కొంత చెప్పవలెను. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో ఇది తొలిసారి లోకానికి కనిపించింది. జపానులోని హిరోషిమాలో తయారైంది. అమెరికాలో మియాటా, ఐరోపాలో ఎం.ఎక్స్.-5, స్వదేశంలో యూనోస్ రోడ్‌స్టర్ అని దీనికి పేర్లు. మొదటి తరం కార్లు 1997 వరకు వచ్చాయి. తరువాతి తరాలతో కలిపి 2016 ఏప్రిల్ నాటికి వీటి సంఖ్య పది లక్షలకు చేరింది. దీని బలం వేగంలో లేదు. బరువు సుమారు ఒక టన్ను మాత్రమే. ఆ బరువును ముందు వెనుక ఇరుసులు దాదాపు సమానంగా పంచుకుంటాయి. దీని రూపకల్పనకు నాయకత్వం వహించిన తోషిహికో హిరాయ్ ‘జింబా ఇత్తాయ్’ అనే జపాను పలుకుబడిని ఆదర్శంగా పెట్టుకున్నాడు. అనగా, గుర్రమూ రౌతూ ఒక్కటి కావడం. జట్కా ఇంట పుట్టిన మాకు ఈ మాట పరాయిదిగా తోచలేదు.

ఆ ఏకత్వం సాధించడానికి వారు నాలుగు చక్రాలకూ జంట ఆర్ముల అమరికను పెట్టారు. చక్రాన్ని పైన ఒక ఆర్మూ క్రింద ఒక ఆర్మూ పట్టుకొని ఉంటాయి. పైది పొట్టి, క్రిందిది పొడుగు. మలుపులో కారు ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు, ఈ పొడుగు పొట్టి తేడావల్ల బయటి చక్రం కారుతో పాటు వాలిపోక, రోడ్డు మీద తన టైరును వీలైనంత నిండుగా ఆనించి ఉంచుతుంది. ఈ ఆర్ముల నడుమ చుట్టల స్ప్రింగు, దాని గర్భంలో షాక్ అబ్సార్బర్. ఆర్ములు కారు చట్రాన్ని కలిసే ప్రతి కీలు వద్దనూ ఒక రబ్బరు బుష్. చూపుకు ఆనని ఈ రబ్బరు ముక్కలే మన కథలో ముఖ్య పాత్రలు.

మా విద్యార్థి కారు గతుకుల మీద టకటక శబ్దం చేసేది. ఒక గతుకు దాటాక రెండు మూడుసార్లు ఊగేది. షాక్ అబ్సార్బర్ల నుండి నూనె కారి మట్టి పట్టి ఉన్నది. మరమ్మతు చేయక తప్పదు. అయితే అతని దృష్టి మరమ్మతు మీద కంటె ముస్తాబు మీద నిలిచింది. తోటి కుర్రవాళ్ళ కార్లు నేలకు కరుచుకొని ఉంటాయి. టైరుకూ, దానిపైని రేకుకూ నడుమ వేలు పట్టదు. అతడూ పొట్టి స్ప్రింగులు కొని, పాత షాక్ అబ్సార్బర్ల మీదనే వేయించి, కారును అంగుళమున్నర క్రిందికి దించాడు. ఫోటో పంపి, ‘‘ఎలా ఉంది సార్?’’ అని అడిగాడు. ‘‘భేషుగ్గా ఉన్నది నాయనా, పరుగుకు సిద్ధమైన గుర్రంలాగున్నది’’ అన్నాము. తెలియని విషయంలో నోరు జారి మెచ్చుకోవడం గురువుకు తగిన పని కాదు. ఆ తప్పు మాది.

నెల తిరగకముందే వానపడుతున్న ఒక సాయంత్రం, మలుపులో రోడ్డు అతుకు మీదుగా పోతుండగా కారు వెనుకభాగం హఠాత్తుగా ప్రక్కకు జారింది. కారు తిరిగిపోయి, వెనుక చక్రం రోడ్డు అంచు రాయిని కొట్టుకొని ఆగింది. ఎదురుగా మరే వాహనమూ లేకపోవడంవల్ల అతడు దెబ్బ తగలకుండా బయటపడ్డాడు. ఆ రాత్రి ఫోనులో అతని గొంతు వణికింది. ‘‘సార్, నేను వేగంగా కూడా పోలేదు’’ అన్నాడు. మాకు వెంటనే సమాధానం తోచలేదు. మేము మెచ్చుకున్న ఆ ఫోటో మాత్రం కళ్ళముందు కదిలింది.

మరునాడు మా ఊరి షెడ్డులో, ఒకప్పటి ప్రీమియర్ పద్మిని కార్లను బాగుచేయడంలో పేరుపడ్డ ఒక ఉస్తాద్ వద్దకు వెళ్ళి ఈ సంగతి చెప్పాము. ఆయన మియాటాను ఎన్నడూ చూచి ఎరుగడు. కాని పద్మిని కారు ముందు చక్రాలకు కూడా జంట ఆర్ములూ, చుట్టల స్ప్రింగులే. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: ‘‘మాస్టారూ, కారును దించారు సరే. దిగిన కారుకు ఇంకా క్రుంగడానికి జాగా ఎంత మిగిలింది?’’

ఈ ప్రశ్నలోనే సమస్త శాస్త్రమూ ఉన్నది. స్ప్రింగు ఎంత వంగితే అంత ఎదురు త్రోస్తుందని 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రాన్ని మన విద్యార్థులు ప్రయోగశాలలో బరువులు వ్రేలాడదీసి నేర్చుకుంటారు. స్ప్రింగు శక్తిని దాచుకుంటుందే తప్ప ఖర్చు పెట్టదు. దానిని ఒంటరిగా వదిలితే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఖర్చు పెట్టేది షాక్ అబ్సార్బర్. లోపలి నూనెను సన్నని రంధ్రాల గుండా బలవంతంగా నడిపించి, కదలికను వేడిగా మారుస్తుంది. స్ప్రింగు ఎంత దూరం వంగిందో చూస్తుంది, షాక్ అబ్సార్బర్ ఎంత వేగంగా వంగిందో చూస్తుంది. రెండింటికీ పొత్తు కుదరాలి. కుదరని పక్షంలో టైరు రోడ్డును విడిచి ఎగిరెగిరి పడుతుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు ఉండదు.

ఇక క్రుంగే జాగా సంగతి. చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఇనుము ఇనుమును కొట్టుకోకుండా ‘బంప్ స్టాప్’ అనే మెత్తని దిమ్మ ఉంటుంది. ఈ చిన్న కారులో చక్రం పైకి కదలగల దూరం మొదటినుండీ తక్కువే. అందులో అంగుళమున్నర ముందే తినివేస్తే, చిన్న గతుకుకే చక్రం ఆ దిమ్మను తాకుతుంది. తాకిన క్షణంలో మెత్తని స్ప్రింగు స్థానంలో గట్టి దిమ్మ బరువు మోస్తుంది. మలుపులో వెనుక చక్రానికి ఈ గతి పడితే ఆ వైపు బిర్రబిగుసుకొని, తడి రోడ్డు మీద టైరు పట్టు తప్పుతుంది. మా విద్యార్థికి జరిగినది ఇదే. తప్పు వేగానిది కాదు, వానది కూడా కాదు. వంగవలసినది వంగడానికి చోటు లేకపోయింది.

కావున మా అభిప్రాయాన్ని సూటిగా చెబుతున్నాము. పాత భాగం ఎందుకు అట్లా ఉన్నదో తెలుసుకోకుండా దాని స్థానంలో క్రొత్త భాగాన్ని పెట్టరాదు. అరిగిపోయినదానిని మార్చడం వేరు, అర్థం కానిదానిని మార్చడం వేరు. మొదటిది మరమ్మతు. రెండవది జూదం.

ఎన్నిక విషయంలో ముందు వేసుకోవలసిన ప్రశ్న ‘ఏది గొప్పది?’ అనేది కాదు, ‘ఈ కారు ఏ రోడ్డు మీద తిరుగుతుంది?’ అనేది. బజారులో మూడు త్రోవలున్నాయి. మొదటిది, కంపెనీ స్ప్రింగులనే ఉంచి, అదే తరహా క్రొత్త షాక్ అబ్సార్బర్లు వేయడం. రెండవది, కొంచెం గట్టి స్ప్రింగులూ, వాటికి జోడు కుదిరే కోనీ, బిల్‌స్టీన్ వంటి పేరుపడ్డ సంస్థల షాక్ అబ్సార్బర్లూ కలిపి కొనడం. మూడవది, మర తిప్పి ఎత్తు సవరించుకొనే సంపూర్ణమైన జత. మూడవదానిలో మంచివి చాలా ఖరీదు. చౌకవి ఎత్తును సవరిస్తాయి గాని ఊపును సవరించవు. రోజూ కళాశాలకూ కొలువుకూ తిరిగే కారుకు మొదటి త్రోవయే రాజమార్గమని మా నిశ్చయం. రెండవదాన్ని ఎన్నుకొనేవారు స్ప్రింగునూ షాక్ అబ్సార్బరునూ విడదీసి ఎన్నుకోరాదు. మూడవదాని జోలికి పోయేవారు తమకు అది ఎందుకో కారణం చెప్పగలిగి ఉండవలెను.

ఇక్కడ భౌతికశాస్త్ర విద్యార్థులకు ఒక లెక్క. స్ప్రింగు గట్టిదనం రెట్టింపయితే కారు ఊగే వేగం రెట్టింపు కాదు. వర్గమూలం చొప్పున 1.41 రెట్లవుతుంది. సాధారణమైన కారు శరీరం సెకనుకు ఒకటి, ఒకటిన్నర ఊపుల వద్ద మనిషికి హాయిగా ఉంటుంది. అది మన నడక లయకు చేరువ. 1930ల దశకంలో అమెరికాలో మారిస్ ఓలీ అనే ఇంజనీరు దీనిని శ్రద్ధగా పరిశీలించి, వెనుక స్ప్రింగుల ఊపు ముందువాటికంటె కొంచెం వడిగా ఉంటే, గతుకు దాటిన తరువాత కారు ముందుకూ వెనుకకూ తూగక సమంగా కుదురుకుంటుందని చూపించాడు. ముందు చక్రం గతుకును ముందుగా ఎక్కుతుంది, వెనుకది ఆలస్యంగా ఎక్కి వడిగా ఊగి దానిని అందుకుంటుంది. ఇంతటి ఆలోచన దాగివున్న అమరికను ఫోటో కోసం చెరుపుకోవడం ఎంతవరకు సబబు?

షాక్ అబ్సార్బర్ల కంటె ముందు చూడవలసినవి బుష్‌లు. ముప్పై ఏండ్ల రబ్బరు ఎండి, పగిలి, ఊడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన షాక్ అబ్సార్బర్ వేసినా చక్రం తన ఇష్టం వచ్చినట్లు తిరుగుతుంది. రబ్బరుకు బదులు పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే స్టీరింగు చురుకుగా ఉంటుందని కొందరంటారు. నిజమే. కాని రోడ్డు అదురు కూడా లోపలికి చురుకుగానే వస్తుంది. గ్రీజు తప్పితే అవి కీచుమంటాయి. రబ్బరు మెత్తదనాన్ని కూడా లెక్కలోకి తీసుకొనే ఆ కారును రూపొందించారన్న సంగతి మరువరాదు.

ఇక అమర్చే పని. మా విద్యార్థి ఉండే ఇండ్ల సముదాయంలో కార్లు విప్పరాదని నిబంధన. స్నేహితుని ఇంటి షెడ్డును అడిగి తీసుకున్నాడు. అక్కడ విడిభాగాల దుకాణాలు కొన్ని ధరావతు పుచ్చుకొని పనిముట్లను ఎరువిస్తాయట. ఈ ఏర్పాటు మెచ్చదగినది. అయితే పనిముట్టు చేతికి వచ్చినంత మాత్రాన పనితనం చేతికి రాదు. స్ప్రింగును నొక్కి పట్టే బిగింపును గురించి ఉస్తాద్ ఫోనులో అతనికి గట్టిగా చెప్పాడు: ‘‘బేటా, నొక్కిన స్ప్రింగు నొక్కిన తుపాకి లాంటిది. దాని మొనకు ఎదురుగా నిలబడకు. భయమనిపిస్తే ఆ ఒక్క పనీ షాపులో చేయించుకో, అందులో సిగ్గు లేదు.’’ అతడు ఆ పనిని షాపులోనే చేయించాడు. జాకీని నమ్మి కారు క్రింద దూరరాదనీ, ఇనుప స్టాండ్ల మీద కారును నిలిపిన తరువాతనే చేయి పెట్టవలెననీ రెండవ హెచ్చరిక.

ఈ కారు క్రింది ఆర్ముల కీళ్ళలో చక్రం కోణాలను సవరించడానికి ఎనిమిది ప్రత్యేకమైన బోల్టులున్నాయి. ఉప్పు చల్లిన మంచురోడ్ల మీద తిరిగిన కార్లలో అవి తుప్పు పట్టి బుష్ లోపలి గొట్టానికి కరుచుకొనిపోతాయి. కొద్దిరోజుల ముందునుండీ తుప్పు విడిచే నూనె పోస్తూ వచ్చినా, ఒకటి రాలేదు. దానిని కోసి తీయవలసి వచ్చింది. అతడు అంతకు ముందే చక్రం నడిమి నుండి రేకు అంచు వరకు నాలుగు మూలలా కొలిచి వ్రాసుకున్నాడు. షాక్ అబ్సార్బర్లను ఒక్కటొక్కటిగా కాక ఇరుసుకు రెండేసి చొప్పున మార్చాడు. పై రబ్బరు దిమ్మలూ, బంప్ స్టాపులూ, దుమ్ము తొడుగులూ కూడా క్రొత్తవే వేశాడు. అటక మీద పెట్టిన కంపెనీ స్ప్రింగులు మళ్ళీ తమ చోటికి చేరాయి.

ఒక్క విషయం మాత్రం మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను కారు గాలిలో ఉండగా పూర్తిగా బిగించరాదు. ఈ బుష్ జారి తిరగదు. బోల్టు బిగించిన స్థానాన్ని తన విశ్రాంతి స్థానంగా పెట్టుకొని, అక్కడినుండి మెలితిరుగుతుంది. చక్రాలు వ్రేలాడుతుండగా బిగిస్తే, కారు నేల మీద నిలిచిన ప్రతి క్షణమూ ఆ రబ్బరు మెలిపడే ఉంటుంది. కొద్దికాలానికే చినుగుతుంది. కావున బోల్టులను వదులుగా ఉంచి, కారును దించి, నాలుగు అడుగులు ముందుకూ వెనుకకూ దొర్లించి, కారు తన బరువు మీద తాను కుదురుకున్న తరువాతనే తుది బిగింపు వేయవలెను. పిమ్మట చక్రాల నిటారుతనం, సమాంతరత, స్టీరింగు వాలు సరిచూపించవలెను. బరువు మోస్తున్నప్పుడే బంధాన్ని బిగించాలనే ఈ నియమం మాకు ఎంతో అర్థవంతంగా తోచింది.

మా వాదానికి ఎదురు చెప్పేవారున్నారు. పందెపు రహదారి నునుపైనది, టైర్ల పట్టు ఎక్కువ. అక్కడ గట్టి స్ప్రింగు, తక్కువ ఎత్తు అవసరమే. అట్టివారు తగిన బంప్ స్టాపులూ, చక్రం కదలడానికి జాగా పెంచే పైదిమ్మలూ, షాక్ అబ్సార్బర్లూ అన్నీ లెక్కకట్టి మారుస్తారు. వారితో మాకు పేచీ లేదు. వారు ఎందుకు మార్చారో వారికి తెలుసు. కంపెనీ అమరికయే వేదవాక్కు అని కూడా మేము అనము. ఆ కంపెనీవారే కొన్ని ప్రత్యేక రకాలకు బిల్‌స్టీన్ షాక్ అబ్సార్బర్లు వేసి అమ్మారు. మా పేచీ ఫలితాన్ని మాత్రమే అనుకరించి, కారణాన్ని విడిచిపెట్టేవారితో.

పాతదానిని నిలుపుకోవడం వెనుకబాటుతనమని అనుకొనేవారికి ఒక సంగతి. 2017లో మాజ్దా సంస్థ జపానులో ఈ మొదటి తరం కార్లను తిరిగి తొలినాటి స్థితికి తెచ్చే పథకాన్ని ప్రకటించి, మరుసటి సంవత్సరం పని మొదలుపెట్టింది. నిలిచిపోయిన భాగాలను మళ్ళీ తయారు చేయించింది. ఆనాటి టైరు తరహాను సైతం బ్రిడ్జ్‌స్టోన్ వారు పునరుద్ధరించారు. క్రొత్త కార్లు అమ్ముకొని బ్రతికే సంస్థయే తన పాత పనిని అంత గౌరవించినప్పుడు, మనకు చిన్నతనమెందుకు?

ఇప్పుడు మా విద్యార్థి కారు ఫోటోలో మునుపటివలె ఎత్తుగా, కొంచెం అమాయకంగా కనిపిస్తుంది. టకటక లేదు. గతుకును ఒక్కసారి మింగి ఊరుకుంటుందట. ‘‘సార్, ఇప్పుడు చూడడానికి ఏమంత బాగుండదు గాని, వానలో ధైర్యంగా ఉంది’’ అన్నాడు. ఈసారి ఫోటోను కాక అతనిని మెచ్చుకున్నాము.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. హుక్ సూత్రం మన ప్రయోగశాలలో ఉన్నది. దానితో నలభై ఏండ్లుగా జీవిస్తున్న ఉస్తాద్ మన గేటుకు కొద్ది దూరంలోనే ఉన్నాడు. ఏడాదికి ఒక్కనాడైనా ఆయనను ప్రయోగశాలకు ఆహ్వానించి, ఒక పాత సస్పెన్షన్‌ను బల్ల మీద విప్పించండి. పుస్తకం చదివినవారు చేతిపనివారిని ‘సార్’ అని పిలవడం కూడా ఆనాడు నేర్చుకుంటారు.

విద్యార్థులారా! రేపు మీరు ఎన్నో పాత వస్తువులకు, పాత ఏర్పాట్లకు క్రొత్తవి అమర్చవలసినవారు. మార్చండి. అరిగినదానిని తప్పక మార్చండి. కాని వంగి చూసిన తరువాత మార్చండి. గట్టిదనమే బలమని భ్రమించవద్దు. వంగని కమాను విల్లు కాదు, ఒట్టి కర్ర.